మోటారు గొంతు

తెడ్డును నీళ్ళలోకి నిలువుగా దింపి, దాని పిడిని చెవికి ఆనించి, లోవరాజు కళ్ళు మూసుకున్నాడు. పడవలో ఉన్న మిగతా ఇద్దరూ మాట ఆపేశారు. ఒకరు అతని బావమరిది నాగూరు. ఇంకొకరు కాకినాడలోని మోటార్ల ప్రయోగశాల నుంచి వచ్చిన ఇందుమతి. ఆవిడ ఒళ్ళో అరచేతి వెడల్పు పెట్టె ఉంది, దాని మీద ఒక మర ఉంది. పడవ వెనక నీటి అడుగున గుమ్మడికాయంత మోటారు తిరుగుతోంది. గాలిలో దాని చప్పుడు చీమ నడిచినంత కూడా లేదు.

"కందిరీగండి," అన్నాడు లోవరాజు కళ్ళు తెరవకుండానే. "మార్చండి."

ఇందుమతి మర కాస్త తిప్పింది. మోటారు వేగం మారలేదు, పడవ కదలిక మారలేదు. నీళ్ళలో దాని గొంతు మాత్రం మారింది.

"ఇది పంటినొప్పి."

మళ్ళీ తిప్పింది.

"ఇదా... ఇది మా అత్తగారండి. ఆగకుండా గొణుగుతా ఉంది."

"బావా, మాయమ్మ జోలికెళ్ళకు," అన్నాడు నాగూరు. "ఆవిడ మోటారు కాదు, ఇంజను."

ఇందుమతి నవ్వింది. లోవరాజు నవ్వలేదు. అతను పనిలో ఉన్నప్పుడు నవ్వడు, మిగతా వేళల్లో కూడా అరుదే.

డీజిలు దొరకడం మానేసిన తర్వాత గోదావరి పాయల వెంబడి ఉన్న పాలేలన్నింటికీ తెరచాపలు తిరిగొచ్చాయి. అటకల మీద ఎలుకలు కొరికిన చాపలు దింపి అతుకులేసుకున్నారు. తాతలు చెప్పిన గాలుల పేర్లు మళ్ళీ గుర్తు చేసుకున్నారు. అన్నీ బాగానే ఉన్నాయి, ఒక్క మొగ దగ్గర తప్ప. ఏరు సముద్రంలో కలిసే ఆ ఇరుకు నోట్లో ఇసక మేటలు ఏటేటా చోటు మారుతుంటాయి. సముద్రం వెనక్కి తగ్గే పాటు సమయంలో ఏటి నీళ్ళు సముద్రంలోకి గుంజుతుంటే, పడవ లోపలికి రావాలంటే వెనక గాలి ఉండి తీరాలి. గాలి పడిపోయిందా, పడవ అడ్డం తిరిగి మేట మీద విరిగే కెరటాల్లోకి పోతుంది. సముద్రంలో గాలి పోతే పడుకోవచ్చు, మొగలో గాలి పోతే జనం వచ్చి పడుకోబెడతారు, అని ఆ పాలెంలో ఒక మాట. నాగూరు వాళ్ళన్న ఆ మొగలోనే చనిపోయిన తర్వాత ఆ మాట ఎవరూ సరదాకి అనడం లేదు.

అందుకే ఇందుమతి మోటారు పట్టుకుని వచ్చినప్పుడు పాలెం అంతా వల బాగుచేసే పాక దగ్గర చేరింది. ఆవిడ పెద్దగా ఉపన్యాసం ఇవ్వలేదు. మోటారును నాగూరు పడవకు కట్టి, చాప ఎత్తించి, ఏట్లో ఒక చుట్టు తిప్పించింది. చాప పడవను లాగుతుంటే నీటి ఒరిపిడికి మోటారు రెక్కలు వెనక్కి తిరిగి, పడవ అడుగున పెట్టిన బ్యాటరీని నింపుతున్నాయి. గాలి లేనప్పుడు ఆ నిండిన కరెంటే రెక్కల్ని ముందుకు తిప్పుతుంది.

"అంటే గాలిని పితికి కుండలో పోసుకోడవన్నమాట," అన్నాడు నాగూరు.

"పితికినప్పుడు ఆవు కాస్త నెమ్మదిగా నడుస్తుంది మరి," అంది ఇందుమతి.

నిజమే, పడవ కాలికి తాడు కట్టిన దూడలా కొంచెం వెనక్కి గుంజుతోంది. బ్యాటరీ బరువు కూడా తక్కువది కాదు. కానీ పడవ ఒరిగిపోకుండా ఎలాగూ ఇసక బస్తాలు వేసుకునేవాళ్ళే, వాటి చోట బ్యాటరీ కూర్చుంది. ఎంత దూరం వెళుతుందని ఒకరు అడిగారు. ఎంతో దూరం వెళ్ళదని ఆవిడ ఉన్నమాట చెప్పింది. "మొగ దాటిత్తే సాలండి, కాశీ తీసుకెళ్ళక్కల్లేదు," అన్నారు ఆడవాళ్ళు.

అందరూ సరే అన్నాక లోవరాజు ఒక్కడే తల అడ్డంగా ఊపాడు.

ఆ పాలెం బతుకు గొరక చేప మీద. ఎగువ వానల కొత్తనీరు దిగే రోజుల్లో మొగకు ఇవతల ఉన్న లోతైన గుంటలోకి గొరకలు చేరతాయి. మగ గొరక తన పొట్టలోని గాలితిత్తిని కదిలించి చప్పుడు చేస్తుంది, ఎండిన సొరబుర్ర మీద వేళ్ళతో వాయించినట్టు. ఆ చప్పుడు విని ఆడవి వస్తాయి. తెడ్డు నీళ్ళలో దింపి పిడికి చెవి ఆనిస్తే మనిషికీ ఆ చప్పుడు వినిపిస్తుంది, వినడం తెలిసిన మనిషికి. పాలెంలో ఆ చెవి లోవరాజుది. అంతకు ముందు అతని నాన్నది. గుంట దగ్గర పడవలన్నీ ఆగి లోవరాజు వైపు చూస్తాయి. అతను చెయ్యెత్తితే వలలు పడతాయి. ఎత్తకపోతే, ఇంకా గుడ్లు పెట్టే పని అవలేదని అర్థం. అందరూ గొణుక్కుంటూ వేరే చోటికి పోతారు. డీజిలు ఇంజన్ల కాలంలో కూడా గుంట దగ్గరికి ఇంజను ఆపి వెళ్ళేవారు.

"ఇది నీళ్ళలో కీసుమంటందండి," అన్నాడు లోవరాజు. "ఆపి ఇందామంటే గుంట కాడ పాటు లాగేద్ది. పడవ నిలబడాలంటే ఇది తిరగాల. తిరుగుతా ఉండగా గొరక ఇనపడాల."

నాగూరు నవ్వాడు. పాకలో ఇంకొందరు నవ్వారు. ఇందుమతి మాత్రం పెట్టె తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆవిడ కనిపెట్టింది అసలు అదే. మోటారు తీగచుట్టల్లోకి కరెంటు పంపే తీరు మారిస్తే, శక్తి తగ్గకుండా, దాని అదురు మాత్రం మారుతుంది. ప్రయోగశాలలో దాన్నెవరూ పెద్దగా పట్టించుకోలేదు. నీళ్ళ అడుగున చప్పుడుతో ఎవరికి పనని.

అలా మొదలైన ఆ పరీక్ష పొద్దు వాలేదాకా సాగింది. కందిరీగ అయింది, పంటినొప్పి అయింది, అత్తగారు అయింది. చివరికి ఒకచోట లోవరాజు చెయ్యి పైకి లేచింది.

"ఇదుంచండి."

"దీంట్లో ఏం బాగుంది?"

"అడ్డం రాటం లేదండి. నీళ్ళలో నీళ్ళలాగుంది. సెవికి సుట్టంలాగుంది."

ఆవిడ ఆ మరను అక్కడే బిగించింది. కొన్నాళ్ళకు పాలెంలో ప్రతి పడవకూ అదే మోటారు, అదే గొంతు.

*

ఆ ఏడాది మొగ ఎవరి ప్రాణమూ అడగలేదు.

ఒక మధ్యాహ్నం మాత్రం అడగబోయింది. పడవలు తిరిగొచ్చే వేళకు గాలి ఉన్నట్టుండి చచ్చిపోయింది. చాపలు తడిగుడ్డల్లా వేలాడాయి. పాటు మంచి ఊపులో ఉంది. ఒడ్డున చేపలు కోసే ఆడవాళ్ళలో లోవరాజు భార్య మంగాయమ్మ కూడా ఉంది. అందరి తలలూ ఒకేసారి లేచాయి. ముందు నాగూరు పడవ మూతి మేట వైపు తిరగడం కనిపించింది, తర్వాత అది కెరటం వెనక మాయమైంది. నాగూరు తల్లి లేచి నిలబడింది. ఒక కొడుకును ఆ మొగకే ఇచ్చిన మనిషి ఆవిడ.

కెరటం దిగింది. పడవ నిటారుగా ఉంది. చాప లేదు, తెడ్డు లేదు, ఎద్దు గట్టెక్కినట్టు ఏటికి ఎదురు నిమ్మళంగా వస్తోంది. నాగూరు నిలబడి రెండు చేతులూ నడుముకు పెట్టుకున్నాడు, అందరూ చూడాలని.

"సూడవే, ఎదవ పోజు," అంది తల్లి, కూలబడి. తర్వాత చాలాసేపు ఏడ్చింది.

ఆ తర్వాత గాలి పడిపోయిన రోజుల్లో కూడా ఆడవాళ్ళు తలలెత్తడం తగ్గించేశారు. మంగాయమ్మకు అన్నిటికన్నా పెద్ద మార్పు అదే అనిపించింది. చేతిలో పని ఆగకుండా మొగడి కోసం ఎదురుచూడడం.

కొత్తనీరు దిగింది. పడవలు గుంట దగ్గరికి చేరాయి. లోవరాజు తెడ్డు దింపాడు. గొరకల చప్పుడు ఎన్నడూ లేనంత నిండుగా వినిపించింది. చెయ్యెత్తుదామా, ఇంకా ఆగుదామా అని అతను తేల్చుకునేలోపే నాగూరు కేకేశాడు. చేపలు వాటంతటవే పడవల కిందికి వచ్చాయి. రెక్కల చుట్టూ, అడుగుచెక్కకు రాసుకుంటూ, కళ్ళకు కనిపించేంత పైకి. లోవరాజు చెయ్యెత్తేదాకా ఆగకుండా ఎవరో వల వేసేశారు. ఒకరు వేశాక ఇక ఎవరు ఆగుతారు.

"బావా, నీ సెయ్యికి పని పోయింది," అన్నాడు నాగూరు వల గుంజుతూ. "పింఛనీ రాయిద్దాం, కూకో."

ఆ నెలంతా అదే తంతు. గంపలు చాల్లేదు. మంచు చాల్లేదు. లోవరాజు మాత్రం పడవలో తెడ్డు పట్టుకుని అలాగే కూర్చునేవాడు. చప్పుడు ఏ వైపు నుంచి వస్తోందో అతనికి పట్టుబడటం లేదు. ఇదివరకు వేలు చూపించి అదిగో అక్కడ అనేవాడు. ఇప్పుడు అన్ని వైపుల నుంచీ ఒకేలా ఉంది. చెవి ముసలిదవుతోందేమో అనుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు.

ఒకరోజు మంగాయమ్మ అన్నం వడ్డిస్తూ, "మావా, నేను మగ గొరకని కోసి ఎన్నాళ్ళయిందో తెలుసా?" అంది.

అతను తల ఎత్తాడు.

"అన్నీ ఆడయ్యే. అన్నీ నిండు సూలాళ్ళే. గంపలో పడేసరికే గుడ్డు కారిపోతంది. మగదాని తిత్తి ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి తగల్లేదు కత్తికి. అందరం అనుకుంటన్నాం."

అతను కలుపుకున్న ముద్ద అలాగే పట్టుకుని కొంచెంసేపు కూర్చున్నాడు. తర్వాత తిన్నాడు. మంగాయమ్మ కూడా మరి అడగలేదు. ఆయన కడుపులోకి వెళ్ళిన మాట ఎప్పుడో ఒకప్పుడు బయటికి వస్తుందని ఆమెకు తెలుసు.

*

మరుసటి ఏడు కొత్తనీరు దిగింది గానీ గొరక రాలేదు.

పడవలు గుంట చుట్టూ మోటార్లు తిప్పుకుంటూ తిరిగాయి. వలలు నాచుతో, పీతలతో లేచాయి. వానలు తక్కువన్నారు, ఎగువన ఆనకట్ట తలుపులు తియ్యలేదన్నారు. కొందరు మగవాళ్ళు పొరుగు రాష్ట్రాల పెద్ద పడవల్లో కూలికి వెళ్ళారు.

ఒక ఉదయం లోవరాజు నాగూరును వెంటబెట్టుకుని, మోటారు తాకకుండా, చాప మీదే గుంటకు వచ్చాడు. లంగరు వేశాడు. తెడ్డు దింపాడు. అతని నాన్న ఉన్నప్పుడు ఈ రోజుల్లో ఇక్కడ చెవి పెడితే పెళ్ళివారి మేళంలా ఉండేది. ఇప్పుడు నీళ్ళు ఒరుసుకునే చప్పుడు. ఇసక జారే చప్పుడు. చాలాసేపటికి, ఎక్కడో అడుగున, ఒకే ఒక్క మగ గొరక. డబ్... డబ్డబ్... డబ్. కాసేపు ఆగి, మళ్ళీ.

లంగరు జారి పడవ కదలడం చూసి, నాగూరు అలవాటు కొద్దీ మోటారు తిప్పాడు.

తెడ్డు పిడి దగ్గర ఒక్కసారిగా గుంటంతా గొరకల చప్పుడుతో నిండిపోయింది. లోవరాజు ఉలిక్కిపడ్డాడు. "ఆపు."

ఆగింది. గుంట ఖాళీ.

"తిప్పు."

నిండింది.

"ఆపు."

"ఏటి బావా, ఆటలాడతన్నావా?"

లోవరాజు తెడ్డు పిడి వదల్లేదు. ఆ ఒక్కదాని కోసం వింటున్నాడు. మోటారు ఆగినా అది మళ్ళీ పలకలేదు. తనకన్నా పెద్ద మగది వచ్చిందనుకుని నోరు మూసుకుంది కాబోలు.

అతను తెడ్డు పైకి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. చెవికి చుట్టంలా ఉందని తనే ఎంచాడు ఆ గొంతును. చుట్టం కాక ఏమవుతుంది. పుట్టిన దగ్గర్నుంచి ఆ చెవి విన్నది గొరకనే. వంద గొంతులు వినిపించి ఒకటి ఎంచుకోమంటే, అది తనకు తెలిసినదాన్నే ఎంచుకుంది.

"నాగూరూ, ఈ మోటారు మగ గొరకరా," అన్నాడు.

*

కాకినాడ ప్రయోగశాలలో సిమెంటు తొట్టి ఉంది. లోవరాజు వచ్చి సంగతి చెప్పాక ఇందుమతి అందులో ఉప్పునీళ్ళు, మంచినీళ్ళు కలిపి పోయించి, నాగూరు ఎక్కడో దూరాన పట్టి తెచ్చిన ఆడ గొరకను వదిలింది. అది ఓ మూలకు పోయి కదలకుండా ఉంది. ఆవిడ మోటారు తిప్పింది.

చేప మూల వదిలి నేరుగా వచ్చింది. మోటారు చుట్టూ ఒక చుట్టు తిరిగింది. పొట్టను ఆ నున్నటి ఇనుముకు రాసింది. రాస్తూ రాస్తూ ఒళ్ళు వణికించి గుడ్లు వదిలేసింది. రెక్కలు వాటిని చిమ్మి తొట్టంతా పాలనీళ్ళలా చేశాయి.

ఇందుమతి మోటారు ఆపింది.

"లోవరాజు గారూ," అంది, "మా పైవాళ్ళకు ఈ తొట్టి చూపిస్తే, పడవ మోటారు సంగతి మర్చిపోతారు. చేపను పిలిచే యంత్రం అంటారు. రేపటికల్లా తీరమంతా ఇదే గొంతు."

"సూపిత్తారాండి?"

ఆవిడ గుడ్ల తెట్టును చూస్తూ ఉంది. తనకు పేరు తెచ్చేది ఏదైనా ఉంటే ఇదేనని ఆవిడ ముఖంలో తెలుస్తోంది. లోవరాజు ముఖాలు చదవడం నీళ్ళ మీద నేర్చుకున్నవాడు. తొందరపెట్టలేదు.

"మోటారు ఉంటుంది," అంది ఆవిడ. "ఈ గొంతు ఉండదు. చెరిపేస్తాను. అయితే చేపకు పట్టని గొంతు ఏదో వెతకాలి. మళ్ళీ మీరే రావాలి."

"నేను రానండి." అతను తొట్టి వైపు చెయ్యి చూపించాడు. "దాన్ని అడగండి."

వారం రోజులు ఆ చేపను అడిగారు. అది దగ్గరికి రాకుండా, బెదరకుండా, తన మూలలో తను ఉన్నది ఒక్క గొంతుకే. మొదటి రోజు లోవరాజు వద్దన్న కందిరీగ గొంతుకు.

*

పాకలో పాలెం కూర్చుంది. ఆడ గొరకలు మోటారును మగదనుకుని, గుడ్లు పెట్టకుండానే వలల్లో పడ్డాయని లోవరాజు నిలబడి ఉన్నదంతా చెప్పాడు. అతను ఒకేసారి అన్ని మాటలు మాట్లాడటం వాళ్ళెవరూ ఎరగరు. గొంతు మార్చాలన్నాడు. గుంటలో ఈ ఏడూ, అవసరమైతే పై ఏడూ వల పడకూడదన్నాడు.

"పిలిత్తే ఒచ్చే సేపని ఒద్దంటావేటి బావా?" అన్నాడు నాగూరు. ఈసారి ఎగతాళి లేదు. "మనం మార్సుకుంటే సరే. ఇంకో పాలెం వోడు ఇట్టాటిదే తెచ్చుకుంటే?"

"ఆ గొంతు ఇంకెక్కడా లేదు. అమ్మగారు తన కాడున్నది సెరిపేసేరు. మన పడవలమీదే ఉంది."

"అంటే ఈ సముద్రం మొత్తానికీ మనకే ఉన్నదాన్ని మనం ఒదులుకోవాలా?"

వెనక నుంచి ఇంకెవరో అన్నారు: "అది కాదెహె. మోటారు పిలుత్తుంటే ఆయన సెయ్యి ఎవడూ సూడ్డం లేదు. ఆ సెయ్యికి మళ్ళీ మర్యాద కావాల, అంతే."

లోవరాజు చేతులు చూసుకున్నాడు. కందిరీగ గొంతుతో మోటారు తిరుగుతుంటే గుంటలో ఎవరూ ఏమీ వినలేరు. ఆపి, తెడ్లేసి పడవను నిలబెట్టుకుని వినాలి. కష్టమే. పైగా తన చెవిలో ఇప్పుడు గొరకా మోటారూ కలిసిపోయాయి. ఏది ఏదో విడదీసి చెప్పలేడు. ఈ సంగతి మంగాయమ్మకు కూడా చెప్పుకోలేదు.

"ఈ సెవి ఇంక పనికిరాదు," అన్నాడు. "సెడిపోయింది. గుంట కాడ ఇంక నేను సెయ్యెత్తను. ఇనేవోణ్ణి మీరే సూసుకోండి."

అది ఎవరూ అనుకోని మాట. వెనక నుంచి మర్యాద మాట అన్నవాడు తల దించుకున్నాడు. అంతలో ఆడవాళ్ళ వైపు నుంచి మంగాయమ్మ లేచింది.

"పట్టేది మీరు. కోసేది మేం," అంది. "నిండు సూలాళ్ళని కోసీ కోసీ సేతికి అసయ్యం పుట్టింది. ఆ మోటారు మొగ దాటించడానికి తెచ్చుకున్నాం. దాటిత్తంది. అది సాలు. గొంతు మార్సకపోతే, మీ సేపలు మీరే కోసుకోండి."

నాగూరు తల్లి అవునంది. తర్వాత ఆడవాళ్ళందరూ అవునన్నారు. మగవాళ్ళు బీడీలు వెలిగించుకున్నారు, ఒప్పుకున్నట్టే.

"ఇనేవోడెవడు మరి?" అన్నారెవరో.

"నాగూరు," అన్నాడు లోవరాజు.

"నేనా! నాకు మా ఆవిడ కేకేత్తేనే ఇనపడదు."

"ఇనపడక కాదురా అది," అంది మంగాయమ్మ. చాలా రోజుల తర్వాత పాకలో జనం నవ్వారు.

*

ఆ ఏడాది ఎలాగో గడిచింది. సముద్రంలో దూరం పోయి దొరికింది తెచ్చుకున్నారు. గుంటలో నాగూరు తెడ్డు దింపిన ప్రతిసారీ తల అడ్డంగా ఊపాడు. లోవరాజు చుక్కాని దగ్గర కూర్చుని పడవ నిలబెట్టే పని చూసుకున్నాడు. ఇసక ఎలా జారుతుంది, పీతల చిటపట ఎలా ఉంటుంది, వేటిని వదిలెయ్యాలి అన్నది నాగూరుకు ఒక్కొక్క మాటలో చెప్పేవాడు. నాగూరు నేర్చుకున్నాడు. వినాలంటే నోరు మూసుకోవాలి కదా, అదే వాడికి అన్నిటికన్నా కష్టమైంది.

పై ఏడు కొత్తనీరు ఎర్రగా దిగిన ఒక సాయంకాలం ఇద్దరూ గుంటకు వచ్చారు. మోటారు ఆపారు. లోవరాజు తెడ్డేసి పాటుకు ఎదురు పట్టి ఉంచాడు. నాగూరు ఇంకో తెడ్డు దింపి చెవి ఆనించాడు.

చాలాసేపయింది. లోవరాజు భుజాలు నొప్పెట్టాయి.

నాగూరు కళ్ళు తెరిచాడు. ముఖంలో ఎప్పుడూ ఉండే కొంటెతనం ఎక్కడికో పోయింది.

"బావా. ఒకటుంది."

"ఊఁ."

"ఉండు... ఇంకోటి. అది పలికితే ఇది పలుకుతంది. ఒకటి ఆ మేట కాడ, ఒకటి ఇదిగో, మన కిందే." వేలు పెట్టి చూపించాడు. "మోటారు తిరగటం లేదు కదా?"

"లేదు."

నాగూరు తెడ్డు పిడి అతని వైపు చాపాడు. "నువ్వినవా?"

లోవరాజు ఆ పిడి వైపు చూశాడు. చెయ్యి దాని దాకా వెళ్ళింది. వింటే వినిపిస్తుంది, అనుమానం లేదు. అయితే వినిపించింది గొరకా, తన చెవిలో మిగిలిపోయిన మోటారా అని ఇంటికెళ్ళేదాకా, రేపటిదాకా, తేల్చుకోలేకపోతాడు. ఈ ఒక్క సాయంకాలం అతనికి ఆ అనుమానం అక్కర్లేదు.

"నువ్విన్నావుగా," అన్నాడు. తాడు గుంజి చాప ఎత్తాడు.

ఒడ్డున మంగాయమ్మ గంప చంకన పెట్టుకుని ఎదురొచ్చింది. పడవలోకి తొంగి చూసింది. వల మడత పెట్టింది పెట్టినట్టే ఉంది, ఎక్కడా తడి లేదు. తమ్ముడి ముఖం చూసింది, తర్వాత మొగడి ముఖం చూసింది.

"ఏవీ లేవా?"

"ఉన్నాయి," అన్నాడు లోవరాజు.

ఆమెకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. ఖాళీ గంప తిప్పి నెత్తిన బోర్లించుకుని, ఇంటి దారి పట్టింది.

"అయితే ఇయ్యాలకి పప్పుచారే," అంది వెనక్కి తిరక్కుండా. గొంతులో నవ్వు వినిపిస్తూనే ఉంది.